గోడ దాటిన ఆజ్ఞ: ఇంటి వినోద పరికరములకు రేడియో రిమోటు గ్రాహకమును అమర్చు విధానము

తరగతిలో మనము విద్యుదయస్కాంత వర్ణపటమును గూర్చి చదువుకొందుము. ఒక చివర గామా కిరణములను, మరియొక చివర రేడియో తరంగములను వ్రాసి, నడుమ కనబడు వెలుగునకు ఒక సన్నని పట్టీని గీసి, పరీక్షలో మార్కులు సంపాదించుకొందుము. ఆ పటములోని రెండు భాగముల మధ్య గల భేదము ఒక వృద్ధురాలి నిత్యజీవితమున ఎంత విలువైనదో ఈ విద్యాసంవత్సరమున మాకు తెలిసివచ్చినది. ఆ అనుభవమును, దాని వెనుకనున్న శాస్త్రమును, అమర్చు క్రమమును తోటి విద్యార్థుల ఉపయోగార్థము ఇచట వివరింపదలచితిమి.

మా సహాధ్యాయి యొకరి ఇంట దివాన్‌ఖానాలో, తలుపులు గల చెక్క బీరువాలో, ఒక సెట్ టాప్ బాక్సు, ఒక ఆంప్లిఫయరు కలవు. దుమ్ము పడకుండుటకును, చిన్నపిల్లల చేతులు తగులకుండుటకును ఆ తలుపులను మూసియుంచెదరు. లోపలి గదిలో ఆ యింటి నానీమా పక్షవాతముతో మంచము పట్టియున్నారు. సెట్ టాప్ బాక్సులో ఆకాశవాణి ఉర్దూ కార్యక్రమములు వచ్చును గనుక, ఆంప్లిఫయరు నుండి ఒక స్పీకరు తీగను ఆమె గదిలోనికి లాగిరి. పాట ఆమె చెంతకు చేరినది. కాని దానిని తగ్గించుటకు గాని, ఆపుటకు గాని ఆమె చేతిలో ఏమియు లేదు. అజాన్ వినబడినప్పుడు పాటను ఆపవలెనన్నను, రాత్రివేళ శబ్దమును తగ్గింపవలెనన్నను, చదువుకొనుచున్న మనుమలను ఆమె పిలువవలసి వచ్చెడిది. "పిల్లల చదువు నా వలన చెడకూడదు బేటా, ఆ స్పీకరును తీసివేయండి" అని ఆమె ఒకనాడు అన్నారు. స్పీకరును తీసివేయుటకు బదులుగా ఆమె చేతికి ఒక మీటను అందించుటకు మేము పూనుకొంటిమి.

వెలుగు చేయలేని పని

మన ఇండ్లలోని సాధారణ రిమోటు వెలుగుతో పనిచేయును. అది కంటికి కానరాని వెలుగు. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకముతో విడదీసి, ఎరుపు రంగునకు ఆవల ఉష్ణమాపకమును ఉంచి, అచట కూడ వేడి కలదని కనుగొనెను. ఆ పరారుణ కిరణములే రిమోటు పలుకు భాష. సాధారణముగా వాటి తరంగదైర్ఘ్యము 940 నానోమీటర్ల ప్రాంతమున ఉండును. మీట నొక్కగానే రిమోటు కొనయందలి చిన్న డయోడు సెకనుకు సుమారు 38,000 సార్లు మిణుకుమనును. ఆ మిణుకులను గుంపులుగా విడదీసి, గుంపుల నడుమ ఎడమును మార్చి సంకేతమును కూర్చెదరు. విరివిగా వాడబడు ఒక పద్ధతిలో మొదట 9 మిల్లీసెకన్ల స్పందము, తరువాత 4.5 మిల్లీసెకన్ల మౌనము, అటుపై 32 బిట్లు వెలువడును. 'సున్న' అను బిట్టుకు 1.125 మిల్లీసెకన్లు, 'ఒకటి' అను బిట్టుకు 2.25 మిల్లీసెకన్లు పట్టును. పరికరము ముఖముపై నున్న నల్లని కన్ను ఈ లయను మాత్రమే గుర్తించును. సూర్యకాంతి ఈ లయలో మిణుకుమనదు గనుక సాధారణముగా ఆ కన్ను దానిని లెక్కచేయదు.

పద్ధతి చక్కనిదే. కాని వెలుగు చెక్క తలుపును దాటదు, గోడను దాటదు. పైగా రిమోటును పరికరము వైపు గురిచూచి పట్టుకొనవలెను. వణకు చేతికి ఆ పని సులభము కాదు.

రేడియో తరంగము స్వభావము వేరు. ఇట్టి పనులకు తరచుగా వాడు 433.92 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యమునకు తరంగదైర్ఘ్యము సుమారు 69 సెంటీమీటర్లు, అనగా పరారుణ కిరణము కంటె 7 లక్షల రెట్లకు పైగా పొడవు. చెక్క, ఇటుక, సున్నము వంటి వాటిని ఈ తరంగము కొంత బలమును కోల్పోయి దాటును. ఇనుప చువ్వలు దట్టముగా గల కాంక్రీటు గోడలో ఎక్కువ బలమును కోల్పోవును. లోహపు రేకును మాత్రము దాటజాలదు. ఈ ఒక్క వాక్యమును గుర్తుంచుకొన్నవారికి అమర్చునప్పుడు వచ్చు చిక్కులలో సగము తీరినట్లే.

కొంత పూర్వచరిత్ర

గోడకు అవతలినుండి ఆజ్ఞ ఇచ్చుట క్రొత్త ఊహ కాదు. 1895 ప్రాంతమున ఆచార్య జగదీశచంద్ర బోసు కలకత్తా టౌన్ హాలులో విద్యుత్తరంగములను గోడల గుండా పంపి, అవతలి గదిలో గంట మ్రోగించి, కొద్దిపాటి తుపాకిమందును పేల్చి చూపెను. 1898లో నికోలా టెస్లా న్యూయార్కు నగరమున నీటి తొట్టిలో ఒక చిన్న పడవను తీగ లేకుండ నడిపించెను. ఇంటి వినోదమునకు ఈ విద్యను తొలుత వాడినవారిలో అమెరికాలోని ఫిల్కో సంస్థ యొకటి. 1939 సంవత్సరపు నమూనాగా వెలువడిన వారి 'మిస్టరీ కంట్రోల్' అను పెట్టె టెలిఫోను వలె తిరుగు డయలు కలిగి, దూరమునుండి రేడియోసెట్టు యొక్క స్టేషనును, శబ్దమును మార్చగలిగెను.

తరువాత టెలివిజను వచ్చినది. 1955లో జెనిత్ సంస్థ ఇంజనీరు యూజీన్ పాలీ వెలుగుతో పనిచేయు 'ఫ్లాష్-మాటిక్' రిమోటును నిర్మించెను. కిటికీలోనుండి సూర్యకాంతి పడినప్పుడు కూడ టెలివిజను దానిని ఆజ్ఞగా భావించెడిది. 1956లో అదే సంస్థలోని రాబర్టు ఆడ్లర్ చెవికి వినబడని అతిధ్వనులను వాడెను. ఆ పద్ధతి చాల ఏండ్లు నిలిచి, క్రమముగా పరారుణ రిమోటునకు చోటిచ్చినది. రేడియోను వదలి వెలుగును ఎన్నుకొనుటలో ఒక తెలివి కలదు: వెలుగు గోడను దాటదు గనుక ఒక ఇంటి రిమోటు పొరుగింటి టెలివిజనును మార్చదు. కాని ఆ సుగుణమే మా నానీమా విషయమున అడ్డంకి యైనది.

గ్రాహకము చేయు పని

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. రేడియో తరంగము గోడను దాటి వచ్చినను, పాత ఆంప్లిఫయరునకు రేడియో భాష తెలియదు కదా? నిజమే. దానికి తెలిసినది పరారుణ భాషయే. కావున నడుమ ఒక దుబాసీ కావలెను. ఆ దుబాసీయే రేడియో గ్రాహకము.

చేతిలోని రిమోటు రేడియో తరంగమును పంపును. బీరువా చెంతనున్న గ్రాహకము తన యాంటెన్నాతో దానిని అందుకొని, అందలి సంకేతమును విడదీసి, తిరిగి పరారుణ మిణుకులుగా మార్చును. గ్రాహకము వెనుకనుండి సన్నని తీగలు బయలుదేరును. ప్రతి తీగ కొనయందు కందిగింజ యంత పరారుణ డయోడు ఉండును. దానిని పరికరము కంటిపై అంటించెదరు. కన్ను ఎప్పటివలె వెలుగునే చూచును. ఆ వెలుగు గోడ అవతలి చేతినుండి బయలుదేరినదని దానికి తెలియదు.

కావున ఆజ్ఞ ప్రయాణములో రెండు ఘట్టములు కలవు. మొదటిది మంచము నుండి గ్రాహకము వరకు, పలు అడుగుల రేడియో ప్రయాణము. రెండవది డయోడు నుండి కంటి వరకు, అంగుళమునకు మించని వెలుగు ప్రయాణము. దూరమును బట్టి మొదటిదే కష్టమని మేము తలచితిమి. అది పొరపాటని తరువాత తెలిసినది.

కొనుటకు ముందు చూడవలసినవి

మొదట పౌనఃపున్యమును చూడవలెను. రిమోటు, గ్రాహకము రెండును ఒకే పౌనఃపున్యముపై పనిచేయవలెను. అమెరికా మార్కెటు కొరకు చేసిన రిమోటులు కొన్ని 418 మెగాహెర్ట్జ్ పైనను, ఐరోపా కొరకు చేసినవి 433.92 మెగాహెర్ట్జ్ పైనను పనిచేయును. పైకి రెండును ఒకే తీరున కనబడును. ఒకదానితో ఒకటి మాటలాడవు. మన దేశమున 433 మెగాహెర్ట్జ్ చెంతనున్న ఒక సన్నని పట్టీలో అల్పశక్తి పరికరములకు లైసెన్సు నుండి మినహాయింపు కలదు. మన ఇండ్లకు బంధువులు గల్ఫు దేశముల నుండియు, అమెరికా నుండియు సామానులు తెచ్చుట సామాన్యము. తెచ్చు ముందే వెనుకనున్న చీటీలోని అంకెను చదివి చెప్పుమని వారిని కోరుట మంచిది.

రెండవది అడాప్టరు. మన విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలోనిది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అడాప్టరుపై 100 నుండి 240 వరకు అని ఉన్నచో భయము లేదు. 120 అని మాత్రమే ఉన్నచో దానిని మన ప్లగ్గులో పెట్టరాదు.

మూడవది గుర్తింపు సంఖ్య. పొరుగింటిలో అట్టి పరికరమే ఉన్నచో ఒకరి ఆజ్ఞ మరియొకరికి చేరవచ్చును. అందువలన మంచి గ్రాహకములలో చిన్న మీటల వరుస గాని, జతచేయు పద్ధతి గాని ఉండును. రిమోటునందును, గ్రాహకమునందును ఒకే సంఖ్యను అమర్చవలెను. తయారైనప్పటి సంఖ్యను అట్లే వదలివేయుట బద్ధకము. పొరుగువారి శాంతికి భంగము కూడ.

నాలుగవది, రిమోటునకు 'నేర్చుకొను' శక్తి ఉండవలెను. పాత రిమోటు సంకేతములను క్రొత్త రిమోటు చూచి గుర్తుంచుకొనవలెను గదా!

అమర్చు క్రమము

మొదట క్రొత్త రిమోటునకు సంకేతములను నేర్పవలెను. పాత రిమోటును, క్రొత్త రిమోటును బల్లపై ఎదురెదురుగా, ఒకే ఎత్తున, కొలది సెంటీమీటర్ల ఎడముతో ఉంచవలెను. ఎండ పడని చోటు కావలెను. పాత రిమోటులో బలమైన సెల్లులు ఉండవలెను. మేము అన్ని మీటలను నేర్పలేదు. శబ్దము పెంచుట, తగ్గించుట, పూర్తిగా ఆపుట, స్టేషను మార్చుట, ఇంతే. మిగిలిన మీటలను ఏమియు చేయని వానిగా వదలితిమి. ఒక మీట పొరపాటున నొక్కబడి, తెరపై ఏదో జాబితా తెరుచుకొన్నచో, ఆ తెరను చూడలేని నానీమా దానిని మూయలేరు. కావున మీటలు తక్కువగా ఉండుటయే ఆమెకు ఎక్కువ స్వేచ్ఛ.

రెండవ పని గ్రాహకమునకు చోటు చూచుట. యాంటెన్నాను నిలువుగా, చుట్ట చుట్టకుండ ఉంచవలెను. 433.92 మెగాహెర్ట్జ్ నకు తరంగదైర్ఘ్యములో నాలుగవ వంతు సుమారు 17 సెంటీమీటర్లు. అనేక చిన్న గ్రాహకముల యాంటెన్నా తీగ ఇంచుమించు అంత పొడవు ఉండుటకు కారణమిదే. అందముగా లేదని దానిని కత్తిరింపరాదు. టెలివిజను వెనుకను, ఇనుప సామానుల చెంతను, అడాప్టర్ల గుంపునందును గ్రాహకమును ఉంచరాదు.

మూడవ పని కంటిని కనుగొనుట. సెట్ టాప్ బాక్సు ముందుభాగమున నల్లని ప్లాస్టిక్కు వెనుక అది దాగియుండును. టార్చి వెలుగును ఏటవాలుగా వేసి చూచినచో చిన్న గుండ్రని బుడిపె కనబడును. కనబడనిచో ఒక ఉపాయము కలదు. ముందుభాగమంతయు అట్టముక్కతో కప్పి, అట్టకు చేసిన చిన్న రంధ్రమును మెల్లగా జరుపుచు, పాత రిమోటును దగ్గరగా పెట్టి నొక్కవలెను. రంధ్రము ఎచట ఉన్నప్పుడు బాక్సు స్పందించునో, అచటనే కన్ను కలదు.

నాలుగవ పని డయోడును అంటించుట. మొదటనే దాని స్వంత జిగురుతో అంటింపరాదు. కాగితపు టేపుతో తాత్కాలికముగా నిలిపి, పది సార్లు పరీక్షించి, పదిసార్లును పనిచేసిన తరువాత మాత్రమే శాశ్వతముగా అంటింపవలెను. తొమ్మిదిసార్లు పనిచేసినది చాలునని తృప్తిపడరాదు. మంచములో ఉన్న మనిషికి ఆ పదవసారియే అవసరపు వేళ కావచ్చును.

మాకు ఎదురైన మూడు చిక్కులు

అన్నియు అమర్చి, లోపలి గదికి పోయి మీట నొక్కితిమి. పాట ఆగలేదు. దివాన్‌ఖానాలో గ్రాహకమునకు రెండడుగుల దూరమున నొక్కగా ఆగినది. సెల్లులు మార్చి చూచితిమి, ఫలితము లేదు. అప్పుడు మాలో ఒకరు గ్రాహకముపై నున్న చిన్న ఎర్రదీపమును గుర్తుచేసిరి. రేడియో ఆజ్ఞ అందినప్పుడెల్ల అది మినుకుమనును. వైద్యునికి నాడి వంటిది ఆ దీపము. మీట నొక్కినప్పుడు అది వెలిగినచో మొదటి ఘట్టము క్షేమము, లోపము రెండవ ఘట్టములో ఉన్నది. వెలుగనిచో లోపము మొదటి ఘట్టములోనే కలదు. ఒకరు లోపలి గదిలో, ఒకరు దీపము ముందు నిలిచి చూడగా, అది వెలుగలేదు.

కారణము వెదకగా సిగ్గుపడితిమి. చెక్క బీరువాలో చోటు చాలక, దాని ప్రక్కనున్న ఇనుప బీరువా వెనుక సందులో గ్రాహకమును పెట్టియుంటిమి. లోపలి గదికిని గ్రాహకమునకును నడుమ ఆ ఇనుప బీరువా నిలిచియున్నది. లోహపు రేకును రేడియో తరంగము దాటదని పరీక్షలో వ్రాసిన మేమే ఆ పని చేసితిమి! గ్రాహకమును చెక్క బీరువా పై అరలోనికి మార్చి, యాంటెన్నాను నిలువుగా నిలుపగానే దీపము లోపలి గదినుండి కూడ వెలిగినది.

రెండవ చిక్కు అంతటితో మొదలైనది. దీపము వెలుగుచున్నది, ఆంప్లిఫయరు వినుచున్నది, కాని సెట్ టాప్ బాక్సు స్టేషను మార్చుట లేదు. రేడియో ప్రయాణము క్షేమము. లోపము ఆఖరి అంగుళములో ఉన్నది. మొదట డయోడు వెలుగుచున్నదో లేదో చూడవలెను. కంటికి అది కానరాదు గాని, సెల్‌ఫోను కెమెరాలో చూచినచో లేత ఊదారంగు మినుకుగా కనబడును. కొన్ని ఫోనుల వెనుక కెమెరాలలో పరారుణమును వడకట్టు పలక బలముగా ఉండును గనుక ముందు కెమెరాతో చూచుట మేలు. మా డయోడు చక్కగా వెలుగుచున్నది. అయిన అది కంటికి అర అంగుళము ప్రక్కగా, మందమైన ప్లాస్టిక్కుపై అంటియున్నది. అర అంగుళము జరుపగానే బాక్సు విన్నది. పదునైదు అడుగులను, ఒక ఇటుక గోడను దాటి వచ్చిన ఆజ్ఞ అర అంగుళము ఎడమున చిక్కుకొన్నది!

డయోడు దూరమగుటయే కాక, మరీ బలముగా వెలుగుటయు ఒక లోపమే. గ్రాహకములో శక్తిని తగ్గించు ఏర్పాటు ఉన్నచో దానిని ఉపయోగింపవలెను. మితిమీరిన వెలుగులో కన్ను మిణుకుల నడుమ మౌనమును గుర్తింపలేదు. కేకలు వేయువాని మాట అర్థము కానట్లే ఇదియు.

మూడవ చిక్కు విచిత్రమైనది. బీరువా తలుపు తెరచియున్నప్పుడు దివాన్‌ఖానాలో నుండి శబ్దమును ఆపు మీట నొక్కగా, పాట ఆగి వెంటనే మరల మొదలయ్యెడిది. ఆ రిమోటు రేడియో తరంగముతోపాటు పరారుణ కిరణమును కూడ పంపుచున్నది. తలుపు తెరచియున్నందున పరారుణ ఆజ్ఞ నేరుగా చేరి పాటను ఆపినది. క్షణము ఆలస్యముగా గ్రాహకము ద్వారా అదే ఆజ్ఞ మరల చేరి పాటను మొదలుపెట్టినది. ఆపుటకును, మొదలుపెట్టుటకును ఒకే మీట ఉన్నందువలన వచ్చిన చిక్కు ఇది. రిమోటును 'రేడియో మాత్రమే' అను పద్ధతికి మార్చగా తీరినది.

ఈ మూడవ చిక్కు మాకు ఒక ముఖ్యమైన విషయమును నేర్పినది. ఇట్టి రిమోటు ఆజ్ఞ ఇచ్చునే గాని సమాధానము వినదు. బాక్సు వెలుగుచున్నదో ఆరియున్నదో దానికి తెలియదు. చూడలేని గదిలోని మనిషికిని తెలియదు. కావున కరెంటు ఆపు మీటను నానీమా రిమోటులో చేర్చలేదు. శబ్దమును ఆపు మీట ఫలితము చెవికి వెంటనే తెలియును. అనుమానము కలిగినచో పెంచు మీటను నొక్కినంతనే పాట తిరిగి వినబడును. ఆపు మీటపై గుడ్డ టేపు ముక్కను అంటించితిమి. చీకటిలో వ్రేలికి అది దారి చూపును.

ముగింపు

కొన్ని చోట్ల పై క్రమమంతయు సరిగ నున్నను ఆజ్ఞలు అప్పుడప్పుడు తప్పిపోవచ్చును. చౌక రకపు ఎల్ఇడి బల్బులు, అడాప్టర్లు వెదజల్లు రేడియో రొద మొదటి ఘట్టమును చెడగొట్టును. ఎలక్ట్రానిక్ చోకు గల కొన్ని దీపములు కంటిని తికమకపెట్టి రెండవ ఘట్టమును చెడగొట్టును. ఒక్కొక్క దీపమును ఆర్పి చూచుటయే పరీక్ష. ఏ లోపమునకైనను మార్గమొక్కటే: ఆజ్ఞ ఏ ఘట్టము వరకు చేరినదో ముందు తెలిసికొనవలెను, తరువాతనే చేయి పెట్టవలెను. అన్నింటిని ఒకేసారి మార్చువాడు, బాగైనను ఎందుకు బాగైనదో చెప్పలేడు.

మా భౌతికశాస్త్ర ప్రయోగశాలలో వారమునకు ఒక మధ్యాహ్నము ఒక బల్లను ఇట్టి పనులకు విడిచినచో, పేటలోని వృద్ధులకు, వికలాంగులకు ఉపయోగపడు చిన్న సాధనములను విద్యార్థులే అమర్చగలరని కళాశాల సంఘము వారికి సవినయముగా మనవి చేయుచున్నాము. దీనికి పెద్ద వ్యయము అవసరము లేదు. ఒక టార్చి, ఒక మల్టీమీటరు, కొంత ఓపిక చాలును.

పని పూర్తియైన నాటి సాయంకాలము మేము దివాన్‌ఖానాలో చాయ్ త్రాగుచుంటిమి. లోపలి గదిలో గజల్ సాగుచున్నది. మగ్రిబ్ అజాన్ తొలి పలుకు వినబడినది. వెంటనే పాట ఆగినది. ఎవరును ఎవరిని పిలువలేదు. మనుమలు పుస్తకముల ముందునుండి లేవలేదు. అజాన్ ముగిసిన తరువాత, నమాజు కూడ ముగిసిన తరువాత, పాట మరల మెల్లగా మొదలైనది.